తాళం వేసిన ఐదు వందల నాలుగు

సకల జనుల సమ్మె మొదలైన వారానికల్లా మా ఇంట్లో పద్నాలుగు ఇళ్ల తాళంచెవులు చేరాయి.

ఇల్లంటే పెద్ద ఇల్లు కాదు. నల్లగండ్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కింద, బండ్లు పెట్టే చోట, లిఫ్టు పక్కన ఒక గది. మా బాపు ఓదెలు అక్కడ వాచ్‌మన్. మా పెద్దపల్లి దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా అవ్వ లచ్చమ్మ పైన నాలుగిళ్లలో పని చేసేది. బస్సులు ఆగి, బడులు మూతపడి, ఎప్పుడేమవుతుందో తెలియక కోస్తా వాళ్లు ఒక్కొక్కరే కార్లలో ఊళ్లకు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, "ఓదెలూ, కాస్త చూస్తూ ఉండవయ్యా" అని తాళంచెవి బాపు చేతిలో పెట్టారు. బాపు గోడకు వరుసగా మేకులు కొట్టి వాటిని తగిలించాడు. ఒక్కోదానికి ఫ్లాటు నంబరు రాసిన అట్టముక్క నేను కట్టి ఇచ్చాను.

మా వంశంలో ఇంజనీరింగు చదివింది నేనొక్కదాన్నే. రాయదుర్గంలో ఇళ్లకు గాజు తీగ మీద ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా అపార్ట్‌మెంటుకు కూడా తీగ వేయించాను. అప్పుడు అవ్వ వచ్చి నా పక్కన కూర్చొని వెంట్రుకంత సన్నగా ఉన్న ఆ గాజును చూసి, "గిండ్లకెల్లి ఏం పోతది బిడ్డా?" అని అడిగింది. వెలుతురు పోతుందని చెప్పాను. "వెలుతురు మాట్లాడుతదా?" అన్నది. మాట్లాడుతుందన్నాను.

నా తర్వాత చదువుకుంటున్నవాడు తమ్ముడు రాజేందర్. డిగ్రీ మూడో ఏడు. ఏప్రిల్‌లో రాయదుర్గం కాడ జరిగిన తెలంగాణ ర్యాలీకి పోయి, అక్కడి నుంచి అందరితోపాటు మరో మీటింగుకు పోయి వస్తుంటే డీసీఎం వ్యాను బోల్తా పడింది. మూడు రోజులు దవాఖానలో ఉండి చనిపోయాడు. అవ్వ ఏడవలేదు. దినాల నాడు కూడా పక్కకు తిరిగి పడుకున్నది. వాడు పోయాడన్న మాట ఆమె నోటి నుంచి మేం ఒక్కసారి కూడా వినలేదు.

సెప్టెంబర్ ఇరవై ఏడున పెత్తరమాస. ఆ రోజు చనిపోయినవాళ్ల పేర్లు చెప్పి, మంత్రం చదివే అయ్యగారికి బియ్యం ఇస్తాం. ఆ బియ్యంతో పోయినవాళ్ల ఆకలి తీరుతుందని మావాళ్ల నమ్మకం. వారం ముందు బాపు ఆ మాట ఎత్తాడు.

"లచ్చమ్మా, పోరని పేరు మీద బియ్యం ఇయ్యాలె. మొదటి పెత్తరమాస తప్పొద్దు. అయ్యగారికి చెప్పొచ్చిన."

అవ్వ చాటలో బియ్యం చెరుగుతున్నది. చెయ్యి ఆపలేదు. "మీ అయ్యకియ్యి, మీ అవ్వకియ్యి. నా కొడుక్కిస్తె నేనీ ఇంట్ల ఉండ."

"పోయినోళ్లకు ఇయ్యకపోతె ఎట్లనే?"

"మాట్లాడెటోనికి ఎవలన్న బియ్యమిస్తరా?"

బాపు తల వంచుకున్నాడు. కడుపుకోతతో అన్న మాట అనుకున్నాను. నాకు వేరే దిగులు ఉండింది. సమ్మె మొదలైనప్పటి నుంచి అవ్వ తినడం మానేసింది. పగలు కంచంలో తనకని అన్నం పెట్టుకొని, మీద ఇంకో కంచం బోర్లించి, "తర్వాత తింట" అని బయటికి తీసుకుపోయేది. సాయంత్రం ఆ అన్నం పిట్టగోడ మీద కాకుల ముందు కనిపించేది. ఆ వారంలో రెండుసార్లు కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడింది. చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. దవాఖానకు రమ్మంటే, "నాకేమైంది? మంచిగనే ఉన్న" అనేది. ఇట్లాగే పోతే దసరా దాకా ఉంటుందా అని నాకు భయం పట్టుకుంది.

*

మా ఆఫీసులో ఒక పెద్ద తెర ఉండేది. ప్రతి ఇంటికీ అందులో ఒక వరుస. ఇంట్లో మేం గోడకు బిగించిన డబ్బాకు వెలుతురు అందుతుంటే ఆ వరుస పచ్చగా ఉంటుంది, అందకపోతే ఎర్రగా. పక్కన రెండు గడులు. ఇల్లు ఏమడిగిందో ఒకదానిలో, మేం ఏం పంపామో రెండోదానిలో కనిపిస్తుంది. సింగరేణి సమ్మెతో కరెంటు కోతలు మొదలయ్యాక ఆ తెర చూస్తే నాకు ఎట్లనో ఉండేది. మూడింటికి ఊళ్లకు ఊళ్లు ఎర్రబడేవి. నాలుగింటికి ఒక్కొక్కటే పచ్చగా కళ్లు తెరిచేవి. తాళం వేసిన ఇళ్లు కూడా.

మా గదికి పెద్ద ప్రవీణ గారు. విజయవాడ మనిషి. మాట కరుకే గాని మనసు కాదు.

"రేణుకా, మీ సమ్మె పుణ్యమా అని మనకి కనెక్షన్లు మూడింతలయ్యాయి. బస్సుల్లేవని అందరూ ఇళ్లల్లోనే ఆఫీసులు పెట్టేశారు. మీ నాయకులకి ఓ సన్మానం చెయ్యాలి."

"సన్మానం నాకు చెయ్యండి మేడం. నల్లగండ్ల నుంచి నడిచి వచ్చాను."

"అందుకేగా టీ చెప్పాను. ఇదిగో, మీ అపార్ట్‌మెంటు వాళ్లే. ఐదు వందల నాలుగు. కాకినాడ నుంచి మూడుసార్లు చేశారు. మాట్లాడు."

ఐదు వందల నాలుగంటే సీతారామయ్య గారి ఇల్లు. ఫోన్‌లో ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు.

"నువ్వా రేణుకా, బతికించావమ్మా. మా ఆయన రిటైరయ్యాక ఇదే పని, ఇక్కడ కూర్చుని అక్కడి ఇంటర్నెట్ ఎంతయిందో చూస్తుంటారు. మేం పదమూడో తారీఖున తాళం వేసి వచ్చేశామా? పద్నాలుగు నుంచి రోజూ వాడకం కనబడుతోందంట. అమ్మాయ్, మా ఇంట్లో ఎవరున్నారే?"

"ఎవరూ ఉండరండీ. వైర్‌లెస్ పెట్టుకున్నారా? పక్కవాళ్లు గాని..."

"మాకు వైర్‌లెస్సూ లేదు ఏదీ లేదు. హాల్లో కంప్యూటర్‌కి ఒక్క తీగ. నువ్వే కదా దగ్గరుండి బిగించావు."

నిజమే. నేనే. ఆమె మాట్లాడుతుండగానే వాళ్ల వరుస తెరిచి చూశాను. పద్నాలుగో తారీఖు, సాయంత్రం నాలుగు పది, పదకొండు ఎంబీ. పదిహేను, నాలుగు పది, పదకొండు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అన్నీ పదకొండే. మనుషులు ఇట్లా వాడరు. ఒకరోజు ఎక్కువవుతుంది, ఒకరోజు తక్కువవుతుంది, ఒకరోజు మరిచిపోతారు. ఆదివారం కూడా నాలుగు పదికే, పదకొండే.

"మొక్కలకి నీళ్లు పొయ్యమని మీ నాన్న దగ్గర తాళం ఉంచాం. మొక్కలు కంప్యూటర్ చూడవు కదమ్మా," అని నవ్వబోయి ఆగిపోయారు. "నాకేమిటో భయంగా ఉంది. నువ్వొకసారి వెళ్లి చూడు. లేదా లైను కట్టించెయ్."

*

మర్నాడు ఒంటిపూట పని చేసి ఇంటికి వచ్చాను. గదిలో బాపు లేడు, అవ్వ లేదు. గోడ మీద ఐదు వందల నాలుగు మేకుకు తాళంచెవి లేదు.

కరెంటు పోయి ఉంది. లిఫ్టు ఆగింది. మెట్లెక్కాను. అంతస్తుకు ఒకరో ఇద్దరో మిగిలారు. తలుపుల ముందు పేపర్లు ముడుచుకుపోయి ఉన్నాయి. మూడో అంతస్తులో ఎవరిదో చెప్పుల స్టాండు మీద పిల్లి పడుకొని నన్ను చూసి కూడా లేవలేదు. నాలుగో అంతస్తు ఎక్కుతుండగా కరెంటు వచ్చింది. తాళాలు వేసిన ఇళ్లన్నీ ఒక్కసారి మేల్కొన్నాయి. ఒకచోట ఫ్రిజ్ గుర్రుమంది. ఒకచోట ఆపకుండా వదిలేసిన టీవీ వార్తలు చదవడం మొదలుపెట్టింది. ఎవరూ నొక్కకుండానే ఒక బెల్లు పిచ్చుకలా కూసి ఊరుకుంది.

ఐదు వందల నాలుగుకు బయట తాళం లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కంప్యూటర్ మొదలైన చప్పుడు. తలుపు కొడదామని చెయ్యెత్తాను.

"ఆఁ, చెప్పే అవ్వా."

రాజేందర్ గొంతు.

చెయ్యి అట్లాగే ఆగిపోయింది. వెనకాల జనం నినాదాలు, డప్పులు సన్నగా వినిపిస్తున్నాయి. వాటి ముందు వాడి గొంతు, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఎట్లా గట్టిగా మాట్లాడేవాడో అట్లా.

"ఏడున్నవ్ కొడుకా?" అవ్వ అడిగింది.

"ఈడనే ఉన్న. రాయదుర్గం కాడ."

"అన్నం తెచ్చిన. చింతకాయ తొక్కు ఏసిన. తింటవా?"

"లే, ఇంక తినలే."

"నీ కోసమే తెచ్చిన. ఇగో."

కొంచెంసేపు డప్పులు. తర్వాత వాడు అడిగాడు.

"అక్క వచ్చిందా?"

"వచ్చింది," అన్నది అవ్వ. "తలుపు కాడ నిలబడ్డది."

తలుపు కింద సందులో నా కాళ్ల నీడ కనబడి ఉంటుంది. అట్లా అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. నేను రబ్బరు చెప్పులతో చప్పుడు కాకుండా ఎక్కాను, మెట్ల మీద వెలుగు కూడా అంతగా లేదు.

"ఆఁ, వస్త. గొళ్లెం పెట్టకుండ్రి," అన్నాడు రాజేందర్.

డప్పులు ఆగిపోయాయి. మౌస్ టిక్కుమన్నది. మళ్లీ మొదలైంది. "ఆఁ, చెప్పే అవ్వా." ఈసారి అవ్వ వేరే మాట చెప్పింది. ఊర్లో బర్రె ఈనిందని చెప్పింది. వాడు రాయదుర్గం కాడ ఉన్నానన్నాడు. మూడోసారి, ఏమీ అడగకుండా పాటలాగా వాడి పేరు పిలిచింది. వాడు తినలేదన్నాడు. ఎక్కడ ఎంతసేపు ఆగుతాడో ఆమెకు తెలుసు. ఆ సందులో తన మాట సరిగ్గా కూర్చొనేది. తెలియనివాళ్లు వింటే తల్లీ కొడుకులు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనే అనుకుంటారు.

తలుపు తెరవడం నా వల్ల కాలేదు.

*

కిందికి వచ్చేసరికి బాపు గేటు దగ్గర స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నా ముఖం చూసి లేచాడు.

"పైకి పోయినవా?"

"నీకు తెలుసా బాపు?"

"తెలుసు. వాళ్లు పోయిన రెండో దినం సంది. మొక్కలకు నీళ్లు పోసొస్తనని పోయి గంటైనా రాలే. నేను పోయిన. మెట్ల మీదనే నా కాళ్లు చల్లబడ్డయ్ బిడ్డా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? రోజూ వాడు తినలే అంటుండు. ఈ చెవులతోని విన్న. మీ అవ్వ వాని ముంగట అన్నం పెట్టి, వాడు తినంది తను తినదు. అందుకే బియ్యం ఇద్దాం, బియ్యం ఇద్దాం అని మొత్తుకుంటున్న." తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మీ ఆఫీసుల నుంచి అది బంద్ చెయ్యొచ్చునా?"

"చెయ్యొచ్చు."

"చేస్తె వాడు మల్ల రాడా?"

నేను గదిలోకి పోయి ఫోన్ తీసుకున్నాను.

ఆ కంప్యూటర్ వాడేది సుబ్బలక్ష్మి గారి కొడుకు జశ్వంత్. అతనికి చేశాను. రాజేందర్ వయసువాడే. ఇద్దరూ మేడ మీద క్రికెట్ ఆడుతూ, తెలంగాణ గురించి పోట్లాడుకుంటూ ఉండేవాళ్లు. ఆ రోజు ర్యాలీ తన కాలేజీ ముందు నుంచి పోతుంటే ఫోన్‌లో వీడియో తీశాడట. రాజేందర్ కనబడ్డాడని వాడి మీదికి తిప్పితే, వాడు అప్పుడే అవ్వతో మాట్లాడుతున్నాడు. నలభై సెకన్లు. ఇంటర్నెట్‌లో పెట్టి మరిచిపోయాడు.

"ఆగస్టులో ఆంటీకి నేనే చూపించానక్కా. తప్పు చేశానా? తర్వాత రోజూ అడిగేవారు. మేం ఊరెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. అందుకని స్విచ్ వేస్తే ఆ పేజీయే తెరుచుకునేలా పెట్టి వచ్చాను. అమ్మకి తెలీదు." మళ్లీ తనే, "తీసేయమంటారా?" అన్నాడు.

"వద్దు. అది ఉండనియ్యి."

"అక్కా, వాడు చివర్లో నావైపు చూసి నవ్వుతాడు. చూశారా?"

చూడలేదన్నాను. ఇప్పటికీ చూడలేదు.

రాత్రి కాకముందే అవ్వను అడగాలనుకున్నాను. బోర్లించిన కంచం చేతిలో పట్టుకొని దిగి వస్తుంటే మెట్ల దగ్గర ఆపాను.

"అవ్వా, అది ఏప్రిల్‌ది. అప్పుడు వాడు మాట్లాడిందే మల్ల మల్ల వస్తది. నువ్వు చెప్పేది వానికి వినబడదు."

"నాకు తెల్వదా? పిచ్చిదాన్ననుకున్నవా?"

"మరెందుకు పోతున్నవ్?"

ఆమె కంచం మెట్టు మీద పెట్టి కూర్చుంది.

"ఆ దినం వాడు తినలే అంటె నేనేమన్ననో తెలుసా? జెండలు పట్టుకొని తిరుగు, అవే కడుపు నింపుతయ్ అన్న. అటెన్క వాడు నీ ముచ్చట అడిగి పెట్టేసిండు. అట్ల అనకపోతె వాడు ఇంటికొస్తుండె. అన్నం కోసమన్న వస్తుండె. ఆ బండి ఎక్కకపోతుండె." ఆమె కంట్లో తడి లేదు. లెక్క తేలని పని గురించి చెప్తున్నట్టు చెప్తున్నది. "అందుకే రోజూ పోయి వేరే మాట చెప్తున్న. ఇన్ని దినాలు చెప్పిన. ఇంక నేను చెప్పని మాట ఒకటి ఉంటది. అది చెప్పిననాడు వాడు తిన్ననే అంటడు."

"అనకపోతె?"

"అననీకి యాళ్ల పడుతది," అన్నది అవ్వ. కంచం తీసుకొని కాకుల కోసం పిట్టగోడ వైపు పోయింది.

*

మూడు రోజులు ఆ ఫిర్యాదు పక్కన "లైన్ తనిఖీలో ఉంది" అని రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అదే. ఇరవై ఆరో తారీఖున ప్రవీణ గారు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు.

"ఐదు వందల నాలుగు ఏంటమ్మా, ఇంకా తేల్చలేదు? ఆవిడ మళ్లీ చేశారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంట. వచ్చేదాకా కట్టెయ్యమంటున్నారు. కట్టెయ్, అయిపోతుంది."

"సరే మేడం."

పొద్దున అవ్వ మళ్లీ పడిపోయింది. ఈసారి తల ద్వారబంధానికి తగిలింది. మర్నాడే పెత్తరమాస. ఇవన్నీ మనసులో వేసుకొని చూశాను. ఎంతసేపు చూసినా, కట్టేస్తే అవ్వ తింటుందన్న హామీ నాకు ఎక్కడా దొరకలేదు. కట్టకపోతే మాత్రం ఏమవుతుందో తెలుసు. మూడు యాభైకి ఆ ఇంటి వరుస తెరిచి, నిలుపు అన్న మీట నొక్కాను. నిజంగా నిలపాలా అని అది మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కాను.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఐదు వందల నాలుగు పచ్చబడింది. వెలుతురు పోతూనే ఉంటుంది, దాని మీద మేం ఏమీ పంపం, అంతే. నాలుగు పదికి మొదటి గడి కదిలింది. ఇల్లు అడుగుతున్నది. రెండో గడిలో సున్నా. మళ్లీ అడిగింది. సున్నా. ఒక నిమిషం ఆగి మళ్లీ. ఎవరో తలుపు కొట్టి, చెవి ఆనించి విని, మళ్లీ కొట్టినట్టు. నేను లేచి పోలేదు. నాలుగు ముప్పై రెండుకు అడగడం ఆగింది. ఇక పోయి ఉంటుందనుకున్నాను. కాని వరుస పచ్చగానే ఉంది. డబ్బాకూ కంప్యూటర్‌కూ ఒకటే స్విచ్చు, అవ్వ దాన్ని ఇంకా తీసెయ్యలేదు. ఐదు దాటేదాకా ఆ ఇల్లు ఏమీ అడగలేదు, మేం ఏమీ పంపలేదు. రెండు గడులూ కదలకుండా ఉన్నాయి. ఐదుంబావుకు ఎర్రబడింది.

"ఎవరి లైనే అది, అంతగా చూస్తున్నావు?" అన్నారు ప్రవీణ గారు.

"తెలిసినవాళ్లది మేడం."

ఆమె నా ముఖంలోకి చూశారు. "షేర్ ఆటోలు లేవు. మా ఆయన బండి మీద గచ్చిబౌలి దాకా దింపుతాడు, ఆగు," అన్నారు. వద్దని నడిచాను. త్వరగా చేరాలని లేదు. రోడ్డు మీద బస్సులు లేక గాలి చప్పుడు వినబడుతున్నది. అద్దాల మేడల నిండా ఎర్రటి ఆకాశం. వాటి కింద అంత దూరమూ నేనే బిగించిన తీగలు మట్టిలో ఉన్నాయి. ఏ ఇంటికి ఏం మోస్తున్నాయో నేను ఎప్పుడూ అనుకోలేదు.

గదికి వచ్చేసరికి అవ్వ గడప మీద కూర్చొని ఉంది. తలకు గుడ్డ కట్టు. బాపు కొంచెం దూరంగా నిలబడి ఆమెనే చూస్తున్నాడు, దగ్గరికి పోవడానికి భయపడుతున్నట్టు. ఆమె పక్కన కంచం. అందులో అన్నం లేదు. కడిగి లేదు కూడా. చింతకాయ తొక్కు ఎర్రగా అంచులకు అంటి ఉంది, వేళ్ల గీతలతో.

"అవ్వా, తిన్నవా?"

"తిన్న."

బాపు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "ఏమైందే?"

"ఇయ్యాల బొమ్మ రాలే," అన్నది. "అంత తెల్లగ ఉండె. ఒత్తిన, ఒత్తిన, రాలే. ఇగ చేతులు నొచ్చి ఊకున్న. ఊకుంటె మాట వచ్చింది."

"ఏం మాట?"

"నువ్వు తిన్నవానే అని అడిగిండు."

పైన ఎవరింట్లోనో కుక్కర్ కూసింది.

"ఇన్ని దినాలల్ల నేనే అడిగిన. వాడు నన్నడుగుడు ఇయ్యాలనే." కంచం అంచు మీద వేలు రాసింది. "తినలే కొడుకా అన్న. తిను, చూస్త అన్నడు. వాని ముంగట్నే తిన్న."

బాపు అక్కడే నేల మీద కూర్చున్నాడు. అవ్వ నా వైపు తిరిగింది. ఆమె కళ్లు ఐదు నెలల్లో మొదటిసారి నా మీద నిలిచాయి.

"నీ ముచ్చట కూడ అన్నడు. అక్కను ఏమనకు, అది ఏం జేసినా నీ కోసమే అన్నడు."

లైను నేను కట్టేశానని బాపుకు చెప్పలేదు. జశ్వంత్‌కు చెప్పలేదు. సుబ్బలక్ష్మి గారికి కూడా మర్నాడు చెప్దామని ఊరుకున్నాను. అవ్వ ఊహించి ఉండవచ్చు. మా అవ్వ తెలివైనది. కాని నాలుగు ముప్పై రెండు నుంచి ఐదుంబావు దాకా ఆ ఇంటికి మా వైపు నుంచి ఒక్క మాట కూడా పోలేదు. అది నేను కళ్లారా చూశాను.

*

పెత్తరమాస పొద్దున అయ్యగారి ఇంటి ముందు గొంగడి పరిచి ఉంది. నల్లగండ్ల పాత ఊరివాళ్లు, చుట్టుపక్కల వాచ్‌మన్లు, మేస్త్రీలు, అందరూ సంచులతో, సొరకాయలతో, తోటకూర కట్టలతో వరుసలో నిలబడ్డారు. ఊళ్లకు పోదామంటే బస్సుల్లేక ఆ ఏడు అందరూ అక్కడికే వచ్చారు. అయ్యగారు హడావుడిగా ఉన్నారు.

"జర జల్ది చెప్పుండ్రయ్యా. పేర్లు మరిచిపోయినోళ్లు పక్కకు జరిగి యాద్ చేసుకోండ్రి."

మా వంతు వచ్చింది. బాపు వాళ్ల అయ్య పేరు చెప్పాడు, వాళ్ల అవ్వ పేరు చెప్పాడు. ఇద్దరికీ బియ్యం పోశాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

బాపు సంచి మూతి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. మా వెనక ఎవరో దగ్గారు.

"రాజేందర్," అన్నది అవ్వ.

"ఏమైతడు?"

"కొడుకు."

అయ్యగారు తలెత్తి చూశారు. తర్వాత తొందరపెట్టలేదు. గోత్రం అడగకుండానే మంత్రం మెల్లగా చెప్పారు. అవ్వ సంచి తీసుకొని నా వైపు జరిపింది.

"నువ్వు పొయ్యి. నా చేతులు వణుకుతున్నయ్."

దోసిలి పట్టి పోశాను. రెండుసార్లు పోసి, మిగిలింది ఇంటికి కావాలి కదా అని సంచి ముడవబోయాను.

"ఇంక పొయ్యి బిడ్డా," అన్నది అవ్వ. "ఐదు నెలల ఆకలి."

సంచి అడుగు కనబడేదాకా పోశాను.